మోకాలి గుజ్జు – హెపారిన్ పట్టు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



నేను చదువుకొరకు ఈ ఊరు విడిచిన నాటికి ఇచట గ్రంథాలయము లేదు. రావిచెట్టు అరుగు మీదకు ఒక్క దినపత్రిక వచ్చెడిది. ఒకరు పైకి చదువగా ఇరువదిమంది చుట్టును కూర్చుండి వినెడివారు. నేడు ఈ బీరువాలను, సభ్యుల పట్టికను, ఇరువదియైదేండ్ల జమాఖర్చుల పుస్తకములను చూచి నాకు కలిగిన సంతోషము ఇంతింత కాదు. కార్యదర్శిగారు నన్ను ఆహ్వానించుచు, "మీరు జూబిలీహిల్స్ ప్రక్కనే ఫిల్మ్‌నగర్‌లో ఉన్నారు గదా, సినిమా సంగతులు ఏవైనను చెప్పవలెను" అని వ్రాసిరి. నేను ముప్పదియేండ్లు కళాశాలలో రసాయనశాస్త్రము బోధించినవాడను. నటీనటులను గూర్చి నాకు తెలిసినది మీకు తెలిసినదానికంటె తక్కువ. ఐనను వారి మాట త్రోసివేయలేక, ఫిల్మ్‌నగర్‌లో మొదలై రసాయనశాస్త్రములో తేలు ఒక సంగతిని తెచ్చితిని. సినిమా తక్కువైనదని తరువాత నన్ను ఆడిపోసుకొనవలదు.

జూబిలీహిల్స్ అనగానే మీకు పెద్ద మేడలు, ఎత్తైన ప్రహరీలు మనసున మెదలును. ఫిల్మ్‌నగర్‌లో మేడలును కలవు, వాటిని ఆనుకొని బండరాళ్ళ వాలులో ఇరుకు బస్తీలును కలవు. తెలుగు సినిమా మద్రాసు నుండి హైదరాబాదునకు తరలివచ్చినప్పుడు తారలు మాత్రమే రాలేదు. దీపములు మోయువారు, దుస్తులు కుట్టువారు, గుంపులో నృత్యము చేయువారు, దెబ్బలాటలు ఆడు ఫైటర్లు కూడ కుటుంబములతో వచ్చిరి. అక్కినేని నాగేశ్వరరావుగారు 1976లో అన్నపూర్ణా స్టూడియోను నెలకొల్పిన పిమ్మట క్రమక్రమముగా ఆ వలస పెరిగినది. మా ఇంటికి నాలుగిండ్ల అవతల నుండు పెద్దమనిషి అట్లు వచ్చినవారిలో ఒకడు. ఇరువదేండ్ల ప్రాయమున మద్రాసు చేరి, కథానాయకులకు డూపుగా పనిచేసెను. కథానాయకుడు మేడమీద నుండి దూకవలసి యున్నచో కెమెరా ఆగును. అదే రంగు చొక్కా తొడుగుకొని ఇతడు దూకును. క్రిందికి వచ్చిన పిమ్మట మరల కథానాయకుని ముఖము కనబడును. అట్లు ఎన్ని మేడలు దూకెనో అతనికే లెక్క తెలియదు. ఆ లెక్క వ్రాసియుంచినవి అతని మోకాళ్ళు.

గత సంవత్సరము అతని కుడి మోకాలికి శస్త్రచికిత్స జరిగినది. అరిగిన కీలును తీసివేసి లోహముతోను, గట్టి ప్లాస్టిక్‌తోను చేసిన కీలును అమర్చిరి. ఎడమ మోకాలు ఇంకను మిగిలియున్నది. ఇంటికి వచ్చిన తరువాత కొన్ని దినములు ప్రతి సాయంకాలము పొట్ట మీది చర్మములో ఒక సూది వేసెడివారు. ఒకనాడు నేను చూడబోగా అతడు ఆ మందు పెట్టెను నా చేతికిచ్చి, "మాస్టారూ, దీనిమీద హెపారిన్ అని ఉందంట. ఇది పోయి ఈ రెండో కాలి గుజ్జుకి అతుక్కుంటుందా? గుజ్జు మళ్ళీ పెరుగుద్దా?" అని అడిగెను.

కాదని చెప్పితిని. పెద్ద శస్త్రచికిత్స తరువాత మనిషి కదలక పడియుండుటచేత కాలి సిరలలో రక్తము గడ్డకట్టు ప్రమాదము కలదు. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరినచో ప్రాణము పోవచ్చును. దానిని నివారించుటకే ఆ సూది. దానికిని గుజ్జు పెరుగుదలకును సంబంధము లేదు. ఇంతవరకు సరియే. కాని పాఠము చెప్పు వృత్తివారికి ఒక దురలవాటు కలదు. అడిగినదానికి బదులు చెప్పి ఊరకుండలేరు. "ఐతే, ప్రయోగశాలలో గాజు గొట్టమునందు హెపారిన్‌ను ఉంచినచో, గుజ్జులోని కొల్లాజెన్ నిజముగానే వచ్చి దానిని పట్టుకొనును" అని కూడ అంటిని. ఆ మాటతో అతడు నన్ను వదలలేదు. రెండింటికి సంబంధము లేదనుచు, మరల పట్టుకొనుననుట ఏమి న్యాయమని నిలదీసెను. అతనికి నాలుగు సాయంకాలములలో చెప్పినదే ఇప్పుడు మీకు మనవి చేయుచున్నాను.

మొదట గుజ్జు అనగా ఏమో చూతము. మోకాలిలో గుజ్జు అరిగినదని మనవారు అందురు. ఆ మాట విని మామిడిపండులోని గుజ్జు వంటిదని తలపరాదు. మాంసము కొట్టువాడు మేక తొడను కీలు దగ్గర విడదీసినప్పుడు ఎముక కొనమీద తెల్లగా, నున్నగా, నీలిఛాయతో మెరయు పొర కనబడును గదా, అదియే. పాఠ్యపుస్తకములలో దానిని మృదులాస్థి అందురు. దానిలో రక్తనాళములు లేవు, నరములు లేవు. జీవకణములు కూడ పలుచగా, దూరదూరముగా, ఒక్కొక్కటి తన చిన్న గదిలో కాపురముండును. రక్తము చేరదు కనుక గాయపడినచో మానదు. నరము లేదు కనుక అరుగునప్పుడు మొదట నొప్పియు తెలియదు. నొప్పి తెలియునాటికి పొర పోయి ఎముక బయటపడియుండును. మా ఫైటరు విషయమున జరిగినది ఇదియే.

ఆ పొరలో తూకమునకు ఎక్కువ భాగము నీరే. ఆ నీటిని నిలుపునవి రెండు. ఒకటి, కొండ్రాయిటిన్ సల్ఫేటు మొదలైన చక్కెరల గొలుసులు. ఇవి నీటిని పీల్చి ఉబ్బవలెనని ఎల్లప్పుడు చూచుచుండును. రెండవది, కొల్లాజెన్ అను మాంసకృత్తుతో అల్లిన వల. ఇది ఆ ఉబ్బును హద్దు దాటనీయక బిగించి పట్టుకొనును. మేడమీద నుండి దూకినప్పుడు నీరు కొంచెము ప్రక్కలకు జరుగును. బరువు తీసినప్పుడు మరల వచ్చి నిండును. వల తెగినచో ఈ ఏర్పాటంతయు చెడును.

కొల్లాజెన్ అను పేరు గ్రీకు భాషలో జిగురు అను మాటనుండి పుట్టినది. పూర్వము వడ్రంగులు వాడిన జిగురు తోళ్ళను, ఎముకలను కాచి తీసినదే. మన చెప్పు తోలు కొల్లాజెన్, డోలు మీది చర్మము కొల్లాజెన్. తోలు ఊనుట యనగా కొల్లాజెన్ పీచులు కుళ్ళకుండ వాటిని రసాయనములతో బిగించుట. ఈ విద్యలో ప్రపంచ ప్రఖ్యాతి గాంచినవాడు మనవాడే. తెనాలి సమీపమున యలవర్రులో 1922లో జన్మించిన యలవర్తి నాయుడమ్మగారు మద్రాసులోని కేంద్ర చర్మ పరిశోధనాలయమునకు డైరెక్టరుగా నుండి, దానికి దేశవిదేశములలో పేరు తెచ్చిరి. 1985 జూన్ 23న కనిష్క విమానమును బాంబుతో పేల్చివేసిన ఘోరములో వారు మరణించిరి. ఆ పరిశోధనాలయమునకు చేరువలోనే, గిండీలోని విశ్వవిద్యాలయ ప్రాంగణమున, అదే 1922లో పుట్టిన జి.ఎన్. రామచంద్రన్‌గారు, తమ సహచరుడు గోపీనాథ్ కర్తాతో కలసి, 1954లో కొల్లాజెన్ అణువు ఎట్లుండునో ప్రపంచమునకు చెప్పిరి. కంగారూ తోకలోని స్నాయువుపై ఎక్స్‌కిరణములను ప్రసరింపజేసి తీసిన ఛాయాచిత్రములు వారికి ఆధారములైనవి. వారు చూచినది ముప్పేట త్రాడు. మూడు గొలుసులు ఒకదానితో ఒకటి పెనవేసికొని ఉండును. ప్రతి గొలుసులోను మూడవ స్థానమున తప్పక గ్లైసీన్ అను అతి చిన్న అమైనో ఆమ్లము ఉండును. త్రాటి లోపలివైపున అంతకంటె పెద్దదానికి చోటు లేదు.

ఆ సంవత్సరములలోనే, అదే మద్రాసులో, గిండీకి కొద్ది మైళ్ళ దూరమున కోడంబాకం, వడపళని స్టూడియోలలో తెలుగు సినిమాలు తయారగుచుండెను. ఇంకొక ముచ్చట చెప్పెదను. ఆ సినిమాలు ముద్రింపబడిన ఫిల్ముమీద వెండి లవణములను అంటిపెట్టియుంచిన పూత జెలటిన్. జెలటిన్ అనగా పశువుల ఎముకలు, తోళ్ళు ఉడికించగా ముప్పేట విడిపోయిన కొల్లాజెనే. ఇప్పుడు డిజిటల్ పద్ధతి వచ్చి ఆ ఫిల్ము దాదాపు మరుగునపడినది గాని, మన పెద్దలు టూరింగు టాకీసులలో చూచిన ప్రతి బొమ్మయు కొల్లాజెన్ మీద నిలిచిన బొమ్మయే. మా ఫైటరు ఇది విని, "అంటే నా మోకాలూ అదే, నేను దూకిన రీలూ అదేనన్నమాట" అని చాలసేపు నవ్వెను.

కొల్లాజెన్ ఒక్క రకము కాదు. మానవదేహమున 28 రకములు గుర్తింపబడినవి. చర్మమునందును ఎముకయందును ప్రధానమైనది ఒకటవ రకము. మృదులాస్థిలో ప్రధానమైనది రెండవ రకము. దానితోబాటు తొమ్మిదవ రకము, పదునొకండవ రకము కొద్దిపాళ్ళలో ఉండును. పిండదశలో ఇవి కొంత హెచ్చు. ఎదిగిన దేహములో స్వల్పము. కొద్దిపాటివే గదా అని వీటిని తీసివేయుటకు వీలులేదు. పదునొకండవ రకము సరిగా తయారుకాని ఎలుకపిల్లలలో మృదులాస్థి పీచులు లావెక్కి, చట్టము కుదరక, అవి పుట్టినవెంటనే మరణించినవి. తొమ్మిదవ రకము లేని ఎలుకలు చక్కగానే పుట్టినవి, చక్కగానే తిరిగినవి. పెరిగిన పిమ్మట వాటి కీళ్ళు తొందరగా అరిగినవి. మానవులలో కూడ ఈ రెండు రకముల జన్యువులలో దోషములు గల కుటుంబములు కలవు. కొందరికి చిన్ననాటినుండి కీళ్ళ బాధ, మరికొందరికి దానితో బాటు చూపునకును వినికిడికిని లోపములు కలుగును. హెపారిన్‌ను పట్టుకొను గుణము ఈ రెండు చిన్న రకములయందును పరిశీలింపబడినది.

ఇక హెపారిన్. 1916లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున జే మెక్లీన్ అను వైద్య విద్యార్థి, తన గురువైన విలియం హోవెల్ వద్ద, రక్తమును గడ్డకట్టించు పదార్థములను పరీక్షించుచుండెను. కుక్క కాలేయమునుండి తీసిన ఒక పదార్థము గడ్డకట్టించుటకు మారుగా గడ్డకట్టకుండ ఆపుట అతని కంటబడెను. గ్రీకులో కాలేయమునకు గల పేరునుబట్టి 1918లో హోవెల్ హెపారిన్ అను నామకరణము చేసెను. ఈనాడు వైద్యమున వాడు హెపారిన్‌ను చాలవరకు పంది ప్రేగుల లోపొరనుండి తీయుదురు. మా ఫైటరునకు వేసిన మందు దానినే చిన్న తునకలుగా చేసినది. రసాయనశాస్త్ర దృష్టిలో హెపారిన్ పొడవైన చక్కెరల గొలుసు. దానికి అడుగడుగున సల్ఫేటు గుంపులు తగిలియుండును. ఆ గుంపులు ఋణావేశము గలవి. జీవులలో దొరకు పెద్ద అణువులన్నింటిలోను ఇంత దట్టముగా ఋణావేశము గలది వేరొకటి లేదని చెప్పవచ్చును.

ఆవేశము అనగా భయపడవలదు. ఎండుజుట్టును దువ్విన దువ్వెన కాగితపు ముక్కలను లాగుట మీ పిల్లలు ఆడుకొను ఆటయే. ధనావేశము, ఋణావేశము ఒకదానినొకటి ఆకర్షించుకొనును. సమానమైనవి ఒకదానినొకటి త్రోసివేసికొనును. మాంసకృత్తులలోని అమైనో ఆమ్లములలో లైసీన్, ఆర్జినీన్ అను రెండు ధనావేశము గలవి. ఇవి చెదరియున్నచో పట్టు చాలదు. ఒక్కచోట గుంపుగూడి, హెపారిన్ గొలుసుకు ఎదురుగా అమరినచో గట్టి పట్టు కుదురును. తొమ్మిదవ రకపు కొల్లాజెన్‌కు ఒక కొనయందు ముప్పేట కాని గుండ్రని తల వంటి భాగము కలదు. అది పీచునుండి బయటకు పొడుచుకొనివచ్చియుండును. ఆ తలమీద ధనావేశము మెండు. పదునొకండవ రకమునకును కొనయందు ఇట్టి భాగమే ఒకటి కలదు. పీచులో ఒదిగియుండక వెలుపలికి నిలిచియుండును. దాని ఒకానొక రూపములో లైసీన్లు నాలుగైదు ఒక్కచోట బారులు తీరియుండును. హెపారిన్ పట్టు కుదురునది ఇట్టి చోట్లలోనే. చూచితిరా, వలలోని త్రాడు వల పని చేయుచు, దాని కొనలు చుట్టుప్రక్కల వారితో చేతులు కలుపుచున్నవి.

దీనిని శాస్త్రజ్ఞులు ఎట్లు తెలిసికొందురనునది నాకు ఎంతో ఇష్టమైన భాగము; కొంచెము ఓపిక పట్టవలెను. సన్నని గాజు గొట్టమున మెత్తని పూసలు నింపుదురు. పూసలకు హెపారిన్ గొలుసులను ఊడిరాకుండ అతికించియుందురు. కొల్లాజెన్ భాగము కలసిన నీటిని పైనుండి మెల్లగా పోయుదురు. హెపారిన్‌పై మక్కువ లేనిది క్రిందికి జారిపోవును. ఉన్నది పూసలకు అంటుకొని నిలిచిపోవును. తరువాత ఉప్పునీటిని పోయుదురు. మొదట పలుచని ఉప్పునీరు, క్రమముగా చిక్కని ఉప్పునీరు. ఇది మన వంటింటి ఉప్పే. దానిలోని ధనావేశపు కణములు హెపారిన్ చుట్టును, ఋణావేశపు కణములు కొల్లాజెన్ చుట్టును మూగి, వారిద్దరి నడుమ ఆకర్షణను కప్పివేయును. ఏదో ఒక చిక్కదనము దగ్గర పట్టు విడి కొల్లాజెన్ క్రిందికి దిగును. ఎంత చిక్కని ఉప్పునకు లొంగినదో చూచినచో పట్టు ఎంత గట్టిదో తెలియును. మన రక్తమునందలి ఉప్పు లీటరుకు సుమారు 9 గ్రాముల సరిసమానము. అంతకంటె చాల పలుచని ఉప్పునకే వదలిపోవు పట్టు గాజు గొట్టములోనే గాని దేహములో నిలువదు. అంతకుమించిన ఉప్పునకు గాని వదలనిదానిని లెక్కలోనికి తీసికొనవలెను. ఇంకను నమ్మకము కుదరనిచో, ఆ లైసీన్‌ను, ఆర్జినీన్‌ను తీసి ఆవేశము లేని మరియొక అమైనో ఆమ్లమును పెట్టి చూతురు. పట్టు సడలినచో చేయి వేసినది ఆ చోటనే యని తేలును.

నేను ఇంతవరకు చెప్పగా మా ఫైటరు ఒక ప్రశ్న వేసెను. కళాశాలలో ఎందరో విద్యార్థులు అడుగక విడిచిన ప్రశ్న అది. "మరి గుజ్జులో హెపారిన్ ఉందా, మాస్టారూ?"

లేదు. హెపారిన్ మాస్టు కణములు అను ఒక జాతి కణములలో తయారై వాటిలోనే నిలువయుండును. మృదులాస్థిలో ఉన్నది దాని జ్ఞాతి, హెపరాన్ సల్ఫేటు. గొలుసు కూర్పు ఒకే తీరుది. సల్ఫేటు గుంపులు మాత్రము తక్కువ, అవియు కొన్నిచోట్ల దట్టముగా, కొన్నిచోట్ల పలుచగా ఉండును. పెర్లికాన్ అను పెద్ద మాంసకృత్తును ఆధారము చేసికొని ఇది ముఖ్యముగా జీవకణముల గదుల చుట్టును ఉండును. దీనిని శుద్ధముగా, కావలసినంత తీయుట కష్టము. హెపారిన్ సులభముగా దొరకును. అందుచేత ప్రయోగశాలలో హెపరాన్ సల్ఫేటునకు బదులు హెపారిన్‌ను నిలుపుదురు.

"అయితే హెపారిన్ డూపన్నమాట!" అనెను అతడు. ముప్పదియేండ్ల బోధనలో నాకు తోచని పోలిక. అక్షరాల నిజము. డూపు దూకిన దూకు అబద్ధము కాదు. ఎత్తు నిజము, పడుట నిజము. కాని ముఖము కథానాయకునిది కాదు. హెపారిన్‌తో కుదిరిన పట్టును చూచి, హెపరాన్ సల్ఫేటుతో అంతే బలముగా, సరిగా ఆ చోటనే కుదురునని వెంటనే నిర్ణయింపరాదు. డూపునకు ఆవేశము మెండు గనుక అసలు పాత్ర పట్టుకొనలేని చోటను అది పట్టుకొనవచ్చును. అందుచేత జాగ్రత్తగల పరిశోధకులు డూపుతో చూచినదానిని అసలువానితో మరల సరిచూచుకొందురు.

అసలు పాత్రతో ఈ పట్టువలన దేహమునకు ఏమి ప్రయోజనమని మీరడుగవచ్చును. వలకును, జీవకణము గది గోడలకును నడుమ ఇది ఒక కట్టుబాటుగా ఉపకరించునని భావించుచున్నారు. ఆ గోడలలోని హెపరాన్ సల్ఫేటు మరియొక పనియు చేయును. కణములకు పెరుగుమని, బాగుచేయుమని ఆజ్ఞలు మోయు మాంసకృత్తులను అది తనవద్ద పట్టి దాచియుంచును. కీలుమీద బరువు పడినప్పుడు వానిలో ఒకటి కణమునకు అందుబాటులోనికి వచ్చి, బరువు పడినదను వార్తను అందించునని పరిశోధనలలో తేలినది. నరములు లేని చోట నరముల పని ఇట్లు జరుగుచున్నది. గోడ చెదరినచో వార్తయు చెదరును.

డూపును గూర్చి చెప్పితిని గనుక దొంగవేషమును గూర్చియు చెప్పవలెను. 2007 చివరను, 2008 ప్రారంభమునను అమెరికాలో హెపారిన్ సూదులు తీసికొన్న రోగులు, ముఖ్యముగా మూత్రపిండముల వ్యాధితో రక్తశుద్ధి చేయించుకొనువారు, హఠాత్తుగా రక్తపోటు పడిపోయి, ఊపిరాడక కూలిపోజొచ్చిరి. పదుల సంఖ్యలో మరణములు ఆ మందుతో ముడిపడియున్నట్లు నివేదింపబడెను. ఆ మందు ముడిసరకు చైనా నుండి వచ్చినది. వెదుకగా వెదుకగా 2008 మార్చిలో బయటపడిన కల్తీ ఏమనుకొంటిరి? కొండ్రాయిటిన్ సల్ఫేటు! మనము ఇందాక చెప్పుకొన్న, మృదులాస్థిలో నీటిని పీల్చునట్టి గొలుసే. పశువుల మృదులాస్థినుండి అది చౌకగా లభించును. రెండేసి చక్కెరలకు సుమారుగా ఒక్కటి ఉండవలసిన సల్ఫేటు గుంపులను రసాయనికముగా నాలుగుకు పెంచి, దానికి హెపారిన్ వేషము వేసిరి. ఆవేశము హెపారిన్‌ను పోలియుండెను. రక్తము గడ్డకట్టకుండ ఆపు గుణము కూడ దానికి కొంత కలిగెను. ఆనాటి పరీక్షలు చూచినది ఆ గుణమునే గనుక అది పరీక్షలు దాటి రోగుల నరములలో ప్రవేశించెను. అచట అది రక్తపోటును పడగొట్టు పదార్థములను పుట్టించెను. అటుపిమ్మట పరీక్షా విధానములను మార్చి, అణువు కూర్పునే పరిశీలించునట్లు చేసిరి. ఒక రూపాయి మిగిలించుకొనుటకు ఎవడో చేసిన పనికి, ఎన్నడును వాని ముఖము చూడనివారు ప్రాణములు ఇచ్చుకొనిరి. ఈ సంగతి తలచినప్పుడెల్ల నాకు కోపము ఆగదు.

ఇపుడు మనకు దగ్గర సంగతి. మా ఫైటరు శస్త్రచికిత్సకు పూర్వము రెండేండ్లపాటు ఎవరో చెప్పగా కొల్లాజెన్ పొడి డబ్బాలు కొని పాలలో కలిపి త్రాగెను. గుజ్జు తిరిగి వచ్చునని అతనికి చెప్పిరి. బస్తీలో అద్దె కట్టుకొను మనిషికి ఆ డబ్బాల వెల తక్కువేమియు కాదు. నేను చెప్పగలది ఇంతయే. నోటితో తీసికొన్న కొల్లాజెన్‌ను జీర్ణకోశము తునకలు చేయును. ఆ తునకలు ఇతర మాంసకృత్తుల తునకలతో బాటు రక్తములో కలియును. ముప్పేట త్రాడు త్రాడుగా వెళ్ళి మోకాలిలో కూర్చుండదు. కొందరికి నొప్పి కొంత ఉపశమించినదని చెప్పు పరిశోధనలు లేకపోలేదు. అరిగిన మృదులాస్థి ఆ పొడివలన మరల మొలిచినదను రుజువు మాత్రము లేదు. మన ఇండ్లలో మేక కాళ్ళ పులుసు కాచుకొందుము. దానిలో దిగునది కూడ కొల్లాజెనే. పులుసు రుచిగా నుండును, త్రాగుడు. మోకాలి కొరకని మాత్రము అప్పుచేసి డబ్బాలు కొనవలదు. హెపారిన్ సంగతియు అంతే. గాజు గొట్టములో కొల్లాజెన్ దానిని పట్టుకొన్నది గదా అని మోకాలికి మందుగా వాడుటకు వీలులేదు. అది రక్తస్రావము కలిగింపగల మందు. వైద్యుడు చెప్పిన మోతాదున, చెప్పిన దినములు మాత్రమే వాడవలెను.

ఐనచో ఈ జ్ఞానమువలన మోకాలికి ఎన్నటికిని ఉపయోగము లేదా? ప్రయత్నములు సాగుచున్నవి. నీటితో నిండిన మెత్తని జిగట పదార్థమునకు హెపారిన్ గొలుసులను అతికించి, పెరుగుదల ఆజ్ఞలు మోయు మాంసకృత్తులను ఆ గొలుసులకు పట్టించి, అవి ఒక్కసారిగా జారిపోక నెమ్మదిగా కణములకు అందునట్లు చేయవచ్చునా అని ప్రయోగశాలలలో చూచుచున్నారు. దేహము తన గది గోడలయందు హెపరాన్ సల్ఫేటుతో చేయు పనినే ఇచట డూపుచేత చేయించవలెనని యత్నము. ఆసుపత్రిలో అడిగిన వెంటనే ఇచ్చు చికిత్సగా ఇది ఇంకను రాలేదు.

మా ఫైటరు ఇప్పుడు కఱ్ఱ లేకుండ నడచుచున్నాడు. దైవసన్నిధానము మెట్లు ఎక్కునప్పుడు మాత్రము ఎడమ కాలిని ముందు పెట్టడు. దూకుట మానివేసి, దూకు కుఱ్ఱవారికి క్రింద పరచు మెత్తలను సరిచూచు పనికి పోవుచున్నాడు. నెలకొకసారి మా ఇంటి అరుగుమీద కూర్చుండి, "ఆ జిగట మందు సంగతి ఎంతవరకొచ్చింది మాస్టారూ?" అని అడుగును. నేను చదివినంతవరకు చెప్పుదును. రెండవ మోకాలికి శస్త్రచికిత్స అతడు ఇంకను చేయించుకొనలేదు.